గ్లౌజులు కొనేముందు పనేమిటో అడిగారా?

కిందటేడు సంక్రాంతికి ముందు నేనొక మంచి పని చేశాననుకున్నాను. బట్టల కోసం విజయవాడ వెళ్లి వస్తుంటే వన్‌టౌన్‌లో ఒక దుకాణం ముందు తెల్లటి నూలు గ్లౌజులు కట్టలు కట్టి వేలాడదీసి ఉన్నాయి. మావారికి మంగళగిరిలో చిన్న వర్క్‌షాపు ఉంది. ఒక లేత్ మిషను, ఒక డ్రిల్లింగు మిషను, వెల్డింగు సెట్టు, నలుగురు కుర్రాళ్లు. వాళ్ల చేతులు చూస్తే నాకెప్పుడూ ప్రాణం ఉసూరుమంటుంది. గోళ్ల నిండా గ్రీజు, వేళ్ల మీద గీతలు, కాలిన మచ్చలు. పండక్కి బట్టలెలాగూ పెడతాం, చేతులకూ ఏదైనా పెడదామని డజను జతలు కొనుక్కొచ్చి తలా మూడు పంచాను. కుర్రాళ్లు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

పండగ వెళ్లిన మూడో వారం మధ్యాహ్నం షెడ్డు నుంచి ఫోను. డ్రిల్లింగు మిషను దగ్గర పనిచేసే కుర్రాడి గ్లౌజు దారం తిరిగే బిట్టుకు చుట్టుకుంది. దారంతోపాటు గ్లౌజు, గ్లౌజుతోపాటు వేలు. మావారు పరుగెత్తి స్విచ్చి ఆపేలోపే కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు దాకా పోయింది. ఇరవై రెండేళ్ల పిల్లాడు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఎప్పుడూ లేనిది దాని దగ్గర గ్లౌజులెందుకు వేసుకున్నావురా?" అని అడిగాను. "మీరు ఇచ్చారు గదక్కా" అన్నాడు.

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

తరవాత మా షెడ్డుకు అప్పుడప్పుడూ వచ్చే ఒక పెద్దాయన, ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి, నాకు కూర్చోబెట్టి చెప్పాడు. "తిరిగేదాని దగ్గర చెయ్యి ఖాళీగా ఉండాలమ్మా. వాచీ ఉండకూడదు, ఉంగరం ఉండకూడదు, మొలతాడంత దారం కూడా మణికట్టుకు ఉండకూడదు. ఒట్టి చెయ్యి తగిలితే చర్మం తెగుతుంది, మనం లాక్కుంటాం. గుడ్డ తగిలితే అది తెగదు. మనిషినే లాక్కుంటుంది." లేత్, డ్రిల్లింగు మిషను, బల్లకు బిగించిన గ్రైండరు, వీటి దగ్గర గ్లౌజులు రక్షణ కాదు, ప్రమాదం. ఇది తెలిసినవాళ్లందరికీ తెలుసట. తెలియనిదల్లా కొనిచ్చిన నాకే!

నిజానికి నాకు తెలిసి ఉండాల్సింది. మన ఆడవాళ్లకు ఇది కొత్త సంగతా చెప్పండి? పిండిమర బెల్టు దగ్గరకు వెళ్లేటప్పుడు కొంగు బొడ్లో దోపుకోమని మా అమ్మమ్మ చెప్పేది. బండి వెనక కూర్చునే ఆడపిల్లకు చున్నీ జాగ్రత్త అని వీధి చివరిదాకా అరిచి చెబుతాం. చున్నీకి చెప్పే బుద్ధి గ్లౌజుకు చెప్పాలని ఎందుకు తట్టలేదు? గ్లౌజంటే రక్షణ అన్న ముద్ర మనసులో పడిపోయింది, అందుకు.

అలాగని గ్లౌజులే వద్దని నేననడం లేదు. గ్లౌజు అనేది ఒక వస్తువు కాదు, పదిరకాల వస్తువులకు ఒకటే పేరు. చెప్పుల దుకాణానికి వెళ్లి "చెప్పులివ్వండి" అంటే పెళ్లికా, పొలానికా, స్నానాల గదికా అని అడుగుతాడు. గ్లౌజుల దుకాణంలో ఎవరూ అడగరు. మనమూ చెప్పం.

2020లో కరోనా పుణ్యమా అని పల్చటి నీలంరంగు నైట్రిల్ గ్లౌజులు ఇంటింటికీ వచ్చాయి. అప్పట్నుంచీ అన్నిటికీ అవే. బండి గ్రీజు పనికి, చెయిన్ శుభ్రం చేయడానికి అవి బాగానే పనికొస్తాయి. నైట్రిల్ నూనెకు, గ్రీజుకు తట్టుకుంటుంది. గిన్నెలు తోమే మామూలు రబ్బరు గ్లౌజులు పెట్రోలు, ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి. నూలు గ్లౌజుల సంగతి చెప్పనే అక్కర్లేదు, నూనె పీల్చుకుని రోజంతా చర్మానికి పట్టు వేసినట్టు అంటుకుని ఉంటాయి. అయితే పెయింటర్లు వాడే థిన్నరు ముందు పల్చటి నైట్రిలూ ఎక్కువసేపు నిలవదు. తడిసిన వెంటనే మార్చుకోవాల్సిందే. ఇక గ్లౌజు లేకుండా పనిచేసి సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటారు చూశారా, అది నాకసలు నచ్చని అలవాటు. మురికితోపాటు చర్మంలోని జిడ్డంతా పోయి చేతులు బీటలు వారతాయి. ఆ బీటల్లోకి మర్నాటి మురికి చేరుతుంది.

వెల్డింగుకు తోలు గ్లౌజే. మోచేతి దగ్గర దాకా వచ్చేది. నైలాను కలిసిందో, రబ్బరు పూసిందో వేసుకుంటే నిప్పురవ్వ పడ్డచోట కరిగి చర్మానికి అతుక్కుంటుంది, ఒట్టి చేతి మీద పడ్డదానికంటే పెద్ద పుండు. చేత్తో పట్టుకుని కోసే గ్రైండరుకు చేతికి బిగుతుగా సరిపోయిన తోలు గ్లౌజు, రెండు చేతులూ పిడి మీద, చక్రానికి గార్డు. గార్డు తీసేసి గ్లౌజు వేసుకున్నానంటే దానికి అర్థం లేదు. బీరువాలు చేసే షెడ్లలో రేకు మోసేవాళ్లకు కోతకు తట్టుకునే గ్లౌజులు వేరే ఉన్నాయి. మంచివాటి మీద సుత్తి బొమ్మ, కింద ఈఎన్ 388 అని, నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది రాపిడికి, రెండోది కోతకు, మూడోది చిరుగుకు, నాలుగోది గుచ్చుకోవడానికి. అంకె పెరిగినకొద్దీ గట్టిది. రేకు పనికి చూడాల్సింది రెండో అంకె. ఆ స్థానంలో అంకెకు బదులు ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఉంటే చివర్లో మరో అక్షరం ఉంటుంది, కోత సంగతి అది చెబుతుంది. చీర కొంటే ముద్ర చూస్తాం, నగ కొంటే హాల్‌మార్కు చూస్తాం, ఇది మాత్రం ఎందుకు చూడకూడదు?

కరెంటు పని ఒక్కటీ మరీ మరీ చెప్పాలి. వంటింటి రబ్బరు గ్లౌజు వేసుకుని మెయిన్ దగ్గర చెయ్యి పెట్టే ధైర్యవంతులు ప్రతి వీధిలో ఒకరుంటారు. కరెంటుకు పరీక్షచేసిన గ్లౌజులు వేరు. వాటికి ఐఎస్ 4770 అని భారత ప్రమాణం ఉంది, ఎంత వోల్టేజి దాకా అన్నది వాటిమీద ఉంటుంది. మిగతావి ఎంత మందంగా ఉన్నా రబ్బరు తిత్తులే.

ఇంతసేపూ మగవాళ్ల చేతుల గురించే మాట్లాడాను కదూ. ఇప్పుడు మా అమ్మ చేతుల దగ్గరకు వస్తాను.

మా పుట్టిల్లూ మంగళగిరే, మగ్గం ఇల్లు. నిజాం అంచు చీరలు చూసి మీరు మెచ్చుకుంటారే, ఆ నూలుకు రంగులు వేసే షెడ్డులో చిలపలు జాడించే పని మా అమ్మ చేసేది. కాస్టిక్ సోడా, హైడ్రోసు కలిపిన వేడినీళ్లలో రంగు కరుగుతుంది. ఆ తొట్టిలో చిలప ముంచి, తిప్పి, పైకి తీసి గాలికి పెడితే అసలు రంగు తేలుతుంది. చూడ్డానికి ఇంద్రజాలం. చేతులకు మాత్రం నరకం. కాస్టిక్ నీళ్లలో వేళ్లు జారుడుగా అనిపిస్తాయి. అది నీళ్ల గుణం అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు, చర్మం మీది కొవ్వు సోడాతో కలిసి సబ్బవుతోందన్నమాట! వెంటనే మంట ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నా పెళ్లి ఫోటోల్లో మా అమ్మ చేతులు ఒక్కదాన్లోనూ కనబడవు. తలంబ్రాలప్పుడు కూడా కొంగు కింద దాచుకుంది. గోళ్లు నల్లగా, వేళ్ల సందులు పగిలి ఉండేవి.

అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో 1889లో ఇలాంటిదే ఒక నర్సుకు జరిగింది. కరొలిన్ హాంప్టన్ అని ఆమె పేరు. ఆపరేషన్ గదిలో చేతులు ముంచే పాదరసపు మందునీళ్లకు ఆమె చర్మం పాడయింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. మరుసటి ఏడాది ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఇవాళ డాక్టర్లంతా వేసుకునే గ్లౌజుల కథ అలా ఒక ఆడమనిషి చేతులతో ముడిపడి ఉంది. నూటముప్ఫై ఏళ్లు దాటినా మా రంగుల షెడ్లలో ఆడవాళ్ల చేతికి సరిపోయే గ్లౌజు వెతుక్కోవాల్సి వస్తోంది. అదీ నా బాధ.

వెతుక్కోవడమంటే లేకపోవడం కాదు. ఉంటాయి, తొమ్మిదో నంబరు, పదో నంబరు. మగవాళ్ల అరచేతి కొలత. మీ చేతి కొలత తెలుసుకోవడం చాలా తేలిక. జాకెట్టు కొలిచే టేపు తీసుకుని, బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి చుట్టూ కొలవండి. ఏడంగుళాలు వస్తే మీది ఏడో నంబరు. నాదీ ఏడే, మా అమ్మదీ ఏడే. పదో నంబరు వేసుకుంటే వేళ్ల చివర అంగుళం ఖాళీ వేలాడుతుంది, తడి చిలప జారిపోతుంది, వేడినీళ్లు మణికట్టు దగ్గర్నుంచి లోపలికి దూరతాయి. లోపల చేరిన కాస్టిక్ నీళ్లు బయటికి పోవు, సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. అలాంటి గ్లౌజుకంటే వేసుకోకపోవడమే మేలు. ఈ బాధ పడలేక తీసి పక్కన పడేస్తే, "ఇచ్చాం గానీ ఆడవాళ్లే వేసుకోరండీ" అని యజమాని చెబుతాడు. ఎన్నిసార్లు విన్నానో ఈ మాట!

రంగు పనికి మందపాటి రబ్బరుదో, నియోప్రీనుదో, మోచేతి దాకా వచ్చేది కావాలి. పైఅంచు బయటికి మడిస్తే చెయ్యెత్తినప్పుడు కారే నీళ్లు ఆ మడతలో ఆగుతాయి. రోజూ వేసుకునేముందు గాలి నింపి అంచు చుట్టి నొక్కి చూడాలి, సూదిబెజ్జమున్నా గాలి పోతుంది. పోతే పారెయ్యాలి, "ఇంకో నాలుగురోజులు వస్తుందిలే" అనుకోకూడదు. పని అయ్యాక లోపలిది బయటికి తిప్పి నీడన ఆరెయ్యాలి. కొందరికి రబ్బరే పడదు, వేసుకున్న కాసేపటికి దద్దుర్లు వస్తాయి. వాళ్లకు నైట్రిల్‌లోనే మందపాటివి దొరుకుతాయి.

ఇవన్నీ ఎవరు కొనాలి? పని ఇచ్చినవాళ్లే కొనాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. కూలి డబ్బుల్లోంచి గ్లౌజు కొనుక్కోమంటే ఎవరు కొంటారు? చట్టం చూసుకుంటుందిలే అనుకుందామా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు మిషన్లున్న చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. నలుగురు కుర్రాళ్లున్న మా షెడ్డు, ఆరుగురు ఆడవాళ్లున్న రంగుల షెడ్డు ఏ లెక్కలోకి వస్తాయి? ఇన్‌స్పెక్టరు రాడు కాబట్టి ఆ పని ఇంట్లో లెక్కలు చూసే మనమే చెయ్యాలి. నేను రాసుకున్నాను కాబట్టి చెబుతున్నాను, మా షెడ్డులో ఏడాదికి గ్లౌజుల ఖర్చు టీ ఖర్చుకంటే తక్కువే.

ఆ కుర్రాడు రెండు నెలల తరవాత పనిలోకి వచ్చాడు. ఆస్పత్రి ఖర్చు, ఆ రెండు నెలల జీతం మేమే ఇచ్చాం. అది గొప్ప కాదు, బాకీ. ఇప్పుడు షెడ్డు గోడకు వరసగా మేకులు కొట్టించాం. వెల్డింగు పక్కన తోలువి, రేకుల దగ్గర కోతకు తట్టుకునేవి, బ్యాటరీల దగ్గర యాసిడ్‌కు రబ్బరువి. డ్రిల్లింగు మిషను పక్కన, లేత్ పక్కన మేకు ఉంది, ఖాళీగా. అది గ్లౌజులు తీసి తగిలించడానికి. ఆ మేకుపైన ఎర్ర పెయింటుతో 'ఇక్కడ తీసెయ్యి' అని ఆ కుర్రాడే రాశాడు.

మొన్న మా అమ్మకు ఏడో నంబరువి రెండు జతలు తీసుకెళ్లాను. వయసైపోయినా చిలపలు జాడించడం మానలేదు. తొడుక్కుని వేళ్లు కదిపి చూసుకుని, "బాగానే ఉన్నాయే, నా చేతికే కుట్టినట్టు" అంది. మర్నాడు వెళ్లి చూస్తే కాస్టిక్ తొట్టి దగ్గర రెండూ ఉన్నాయి. చివరి మంచినీళ్ల జాడింపు దగ్గర మాత్రం కుడిచేతిది తీసేసింది. ఏమే అంటే, నూలు మెత్తబడిందో లేదో వేళ్లకు తెలియాలట. అక్కడ నేనేమీ అనలేకపోయాను.