పక్కదారిన వచ్చిన 16 గోల్స్

ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో ఎక్కువ గోల్స్ ఎవరివని అడిగితే పీలే, మారడోనా, మెస్సీ అంటూ మొదలుపెడతారు చాలామంది. 2014 జూలై 8న బెలో హొరిజొంటెలో ఆ రికార్డును చేజిక్కించుకున్న మనిషి పేరు మాత్రం చప్పున గుర్తుకు రాదు. మిరోస్లావ్ క్లోజె. అప్పటికి అతనికి 36 ఏళ్లు. బ్రెజిల్ వీరుడు రొనాల్డో పేరిట ఉన్న 15 గోల్స్ రికార్డును బ్రెజిల్ గడ్డ మీదే, బ్రెజిల్‌తో జరిగిన సెమీఫైనల్లోనే దాటాడు. 2022 ఖతార్ టోర్నీ ముగిసేనాటికి మెస్సీ 13 దగ్గర, ఎంబాపె 12 దగ్గర ఉన్నారు.

ఆ పదహారో గోల్ కూడా గోడకు పోస్టర్‌గా అంటించుకునే రకం కాదు. మొదటి షాట్‌ను గోల్‌కీపర్ జూలియో సెజార్ ఆపాడు. బంతి తిరిగి కాళ్ల దగ్గరికే వచ్చింది, మళ్లీ తన్నాడు, లోపలికి వెళ్లింది. అంతే. పైగా ఆ రోజు జర్మనీ 7-1తో గెలవడంతో లోకమంతా స్కోరు గురించి మాట్లాడుకుందే తప్ప రికార్డును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

క్లోజె గొప్ప ఆటగాడు కాడని, గోల్ పోస్టు దగ్గర కాచుకుని కూర్చునే అదృష్టవంతుడని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర లెక్కలూ ఉన్నాయి. జర్మన్ ఆటగాడు గెర్డ్ ముల్లర్ 13 మ్యాచ్‌ల్లోనే 14 గోల్స్ కొట్టాడు. ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ 1958లో ఆరు మ్యాచ్‌ల్లో 13 కొట్టాడు. క్లోజెకు 24 మ్యాచ్‌లు పట్టాయి. మొదటి మూడు గోల్స్ 2002లో సౌదీ అరేబియాను 8-0తో చితక్కొట్టిన మ్యాచ్‌లో వచ్చాయి. ఇవన్నీ నిజాలే. అయితే ఈ లెక్కలు చెప్పేవాళ్లు మిగతా సగం చెప్పరు. 2006 క్వార్టర్ ఫైనల్లో ఓటమి అంచున ఉన్న జర్మనీని 80వ నిమిషంలో అర్జెంటీనా మీద హెడర్‌తో నిలబెట్టింది అతనే. 2010లో ఇంగ్లండ్ మీద ఒకటి, మళ్లీ అర్జెంటీనా మీద రెండు. పైగా అతను గోల్ కొట్టిన ఏ మ్యాచ్‌లోనూ జర్మనీ జాతీయ జట్టు ఓడిపోలేదు. నాలుగు ప్రపంచ కప్‌లు ఆడితే నాలుగింటిలోనూ జట్టు సెమీఫైనల్ చేరింది. అదృష్టం పన్నెండేళ్ల పాటు ఒకే మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందా?

అసలు మాట్లాడుకోవలసింది అతను ఎన్ని గోల్స్ కొట్టాడని కాదు, ఎక్కడి నుంచి వచ్చాడని.

1978లో పోలండ్‌లోని ఒపోలెలో పుట్టాడు. తండ్రి వృత్తి ఫుట్‌బాలర్, ఫ్రాన్స్‌లో ఓసేర్ క్లబ్‌కు ఆడాడు. తల్లి పోలండ్ జాతీయ హ్యాండ్‌బాల్ జట్టు క్రీడాకారిణి. ఇంట్లో ఇంత ఆట ఉన్నా, పిల్లవాడిని పెద్ద క్లబ్బులేవీ ఎగరేసుకుపోలేదు. 1980ల నడుమ కుటుంబం జర్మనీకి, కూసెల్ అనే చిన్న పట్టణానికి వచ్చేనాటికి అతనికి జర్మన్ దాదాపు రాదు. బడి అయ్యాక వడ్రంగం నేర్చుకున్నాడు. ఇళ్ల పైకప్పులకు దూలాలు, వాసాలు అమర్చే పని. ఇరవై ఏళ్లు నిండేదాకా బ్లౌబాఖ్-డీడెల్కోఫ్ అనే ఊరి జట్టుకు, అంటే ఏడో డివిజన్ స్థాయిలో ఆడాడు. జర్మనీలో ఏడో డివిజన్ అంటే ఆటగాళ్లంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే.

అక్కణ్నుంచి హోంబర్గ్‌, తర్వాత కైసర్స్‌లౌటెర్న్ రిజర్వ్ జట్టు, 2000 ఏప్రిల్‌లో బుండెస్‌లీగాలో తొలి మ్యాచ్. మరో ఏడాదికల్లా, 2001 మార్చిలో జాతీయ జట్టు. అల్బేనియాతో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఆట ముగుస్తుందనగా 2-1తో గెలిపించిన గోల్ కొట్టాడు. ఆ మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో ఐదు గోల్స్, ఐదూ హెడర్లే. ఏడో డివిజన్ నుంచి ప్రపంచ కప్ ఫైనల్ దాకా నాలుగేళ్లే పట్టింది.

క్లబ్ కెరీర్ మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. వెర్డర్ బ్రెమెన్‌లో 2005-06 సీజన్‌లో 25 గోల్స్‌తో బుండెస్‌లీగా టాప్ స్కోరర్ అయ్యాడు, ఆ వేసవిలోనే ప్రపంచ కప్‌లోనూ ఐదు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. తర్వాత బయెర్న్ మ్యూనిక్. అక్కడ చివరి రెండేళ్లు బెంచీ మీదే ఎక్కువ కూర్చున్నాడు. 2009-10 బుండెస్‌లీగా సీజన్ మొత్తంలో అతని గోల్స్ మూడంటే మూడే. అలాంటివాణ్ని ప్రపంచ కప్‌కు తీసుకెళ్లడమేమిటని పత్రికలు కోచ్ యోఆఖిం లోవ్‌ను నిలదీశాయి. దక్షిణాఫ్రికాలో ఆ ‘అలాంటివాడు’ నాలుగు గోల్స్ కొట్టాడు. సెర్బియాతో మ్యాచ్‌లో రెడ్ కార్డు తిని బయటికి వెళ్లిన సంగతీ ఇక్కడే చెప్పాలి, ఆ మ్యాచ్ జర్మనీ ఓడింది. బయెర్న్ వదిలాక ఇటలీలో లాజియోకు వెళ్లాడు. 35 ఏళ్లకు నెల తక్కువ వయసులో బొలోన్యా మీద ఒకే మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టాడు.

నేపుల్స్‌లో 2012లో జరిగిన సంగతి చాలామందికి తెలుసు. కార్నర్ నుంచి వచ్చిన బంతి క్లోజె చేతికి తగిలి లోపలికి వెళ్లింది, రిఫరీ గోల్ ఇచ్చేశాడు. తన చేయి తగిలిందని క్లోజెనే ఒప్పుకున్నాడు, గోల్ రద్దయింది, చివరికి లాజియో 0-3తో ఓడింది. అంతకు ఏడేళ్ల ముందు బ్రెమెన్‌కు ఆడేటప్పుడు తమకిచ్చిన పెనాల్టీని కూడా ఇలాగే వద్దన్నాడు. ఈ కథలను పట్టుకుని అతన్ని సాధువును చేసేస్తుంటారు. దాంతో పెనాల్టీ ఏరియాలో అతని పనితనం గురించిన చర్చ వెనక్కిపోతుంది, అది అన్యాయం.

ఆ పనితనం జర్మనీ శిక్షణ వ్యవస్థలో పుట్టింది కాదు. యూరో 2000లో జర్మనీ మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కొట్టి, ఒక్క పాయింటుతో గ్రూపులో అట్టడుగున నిలిచింది. ఆ అవమానం తర్వాత సంస్కరణలు మొదలయ్యాయి. పై రెండు డివిజన్లలోని 36 క్లబ్బులూ యూత్ అకాడమీ నడిపి తీరాలన్నారు. దేశమంతా చిన్నపిల్లల శిక్షణ కేంద్రాలు తెరిచారు. ఫలితం గొప్పగానే వచ్చింది. ఓజిల్, క్రూస్, గొట్‌జె లాంటివాళ్లు ఒకరి వెనక ఒకరు తయారయ్యారు. 2014లో కప్పు గెలిచింది ఆ తరమే. కానీ ఆ జట్టులో అచ్చమైన సెంటర్ ఫార్వర్డ్ ఒక్కడే ఉన్నాడు, అతను 36 ఏళ్ల పాత వడ్రంగి. ఫైనల్లో 88వ నిమిషంలో అతను బయటికి వస్తే, బదులుగా దిగిన గొట్‌జె గెలుపు గోల్ కొట్టాడు.

ఆ తర్వాత క్లోజె జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు, 137 మ్యాచ్‌లు, 71 గోల్స్‌తో. ముల్లర్ 68 గోల్స్ రికార్డు అతని చేతిలోనే బద్దలైంది. జర్మనీ అప్పటి నుంచి తొమ్మిదో నంబర్ ఆటగాడి కోసం, అంటే అచ్చమైన సెంటర్ ఫార్వర్డ్ కోసం వెతుకుతూనే ఉంది. 2018లో గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది, మూడు మ్యాచ్‌ల్లో రెండే గోల్స్. 2022లోనూ అదే గతి. ఆ టోర్నీలో స్పెయిన్ మీద గోల్ కొట్టి కాస్త పరువు దక్కించిన నిక్లాస్ ఫుల్‌క్రుగ్ అంతకు పదకొండు రోజుల ముందే, 29 ఏళ్ల వయసులో జాతీయ జట్టులోకి వచ్చాడు. ముందటి సీజన్‌లో అతను రెండో డివిజన్‌లో ఆడాడు. డెనిజ్ ఉండావ్‌ది ఇంకా చుట్టుదారి. కుర్రాడిగా ఉన్నప్పుడు వెర్డర్ బ్రెమెన్ యూత్ జట్టు వదిలేస్తే, హావెల్‌జె, మెప్పెన్ లాంటి చిన్న క్లబ్బుల్లో ఆడి, బెల్జియం వెళ్లి పేరు తెచ్చుకుని, 2023-24లో స్టుట్‌గార్ట్ తరఫున 18 గోల్స్ కొట్టాడు.

అకాడమీలు మూసేయమని ఎవరూ అనరు. ఇబ్బంది ఎక్కడంటే, పదకొండు, పన్నెండేళ్లకే పిల్లలను ఏరి, పదహారేళ్లకు మళ్లీ వడపోసే పద్ధతికి పాస్ చక్కగా ఇచ్చేవాడు, బంతిని కాలికి అంటించుకుని తిప్పేవాడు తేలిగ్గా కనబడతాడు. గాలిలోకి ఎప్పుడు లేవాలో, గోల్‌కీపర్ చేతిలోంచి బంతి ఎటు జారుతుందో తెలిసినవాడి విలువ కనబడాలంటే మొరటు డిఫెండర్ల మధ్య పెద్దవాళ్ల ఆట ఆడాలి. క్లోజె ఆ చదువు ఊరి మైదానాల్లో చదివాడు. నాలుగో, ఐదో డివిజన్లలో ఆడే ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల కోసం క్రమం తప్పకుండా ట్రయల్స్ పెట్టడం, అక్కడికి సెలెక్టర్లను పంపడం జర్మన్ ఫుట్‌బాల్ సంఘానికి పెద్ద ఖర్చు కాదు.

వ్యవస్థ వదిలేసినవాళ్లు కూడా ఎలాగూ పైకి వస్తున్నారు కదా, ఇక తంటా ఏమిటని కొందరు అంటారు. వస్తున్నారు, నిజమే. కానీ ఎప్పుడు? క్లోజె 22 ఏళ్లకు జాతీయ జట్టు చొక్కా వేసుకున్నాడు కాబట్టే నాలుగు ప్రపంచ కప్‌లు ఆడగలిగాడు. ఉండావ్‌కు ఆ చొక్కా 27 ఏళ్లకు దక్కింది. ఫుల్‌క్రుగ్‌కూ, అతని తర్వాత వచ్చిన టిమ్ క్లైన్‌డీన్‌స్ట్‌కూ 29 ఏళ్లకు.