ఒక్క జత కాదు, మూడు జతలు



మన గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు కొంతమంది కుర్రాళ్లకి కొత్త షౌక్ పట్టింది. రోడ్డు మీద కాకుండా కాలవ కట్టల మీద, చేల బాటల్లో, కొండ దారుల్లో పరిగెత్తడం. దీన్ని ట్రైల్ రన్నింగ్ అంటారు. యూరప్‌లో మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ 2003 నుంచి ఏటా జరిగే 170 కిలోమీటర్ల పరుగు వీడియోలు ఫోన్లో చూసి, అక్కడివాళ్ల కాళ్లకున్న బూట్లే తమకీ కావాలంటున్నారు. సేహత్ అల్లాహ్ మనకిచ్చిన అమానత్. కాబట్టి ఈ షౌక్‌కి నేను ఖిలాఫ్ కాదు. నా పేచీ అంతా ఖర్చు దగ్గరే.

కొడుకు పన్నెండు వేల బూట్లు అడుగుతాడు. అబ్బా గొణుక్కుంటూనే కొనిపెడతారు, అదీ ఈఎంఐలో. నో కాస్ట్ అని రాసి ఉన్నా షరతులు పూర్తిగా చదవండి, సూద్ ఏ కిటికీలోంచి వస్తుందో చెప్పలేం. అదే ఇంట్లో బేటీని "నువ్వూ వెళ్తావా" అని ఎవరూ అడగరు. అమ్మీకి షుగర్ వచ్చి నడవమని డాక్టర్ చెబితే, హవాయి చెప్పులతో డాబా మీద నాలుగు చుట్లు తిరిగి సరిపెట్టుకుంటారు. అందుకే నా మషూరా ఒకటే: ఆ పన్నెండు వేలతో ఒక్క జత కాదు, మూడు జతలు కొనండి.

కొత్తగా మొదలుపెట్టేవాడికి ఖరీదైన బూటు చేసే ఫాయిదా చాలా తక్కువ. మూడు నాలుగు వేల బూటు కూడా కాలికి సరిపోయి, నేలని పట్టుకుంటే చాలు. ఏ నేలని పట్టుకోవాలన్నదే అసలు సవాల్. మనది ఆల్ప్స్ మంచు కాదు, నల్లరేగడి. వాన పడిందా, అడుగడుక్కీ అంటుకుని బూటు రెండింతల బరువెక్కుతుంది. ఏ కంపెనీ బూటూ దాన్ని గెలవలేదు. వాన వెలిసిన రెండు మూడు రోజులు చేల బాట వదిలేసి, సాగర్ కుడి కాలవ కట్టల్లాంటి గ్రావెల్ దారి పట్టాలి. ఎండాకాలంలో అదే రేగడి నెర్రెలు విచ్చుతుంది. అందులో కాలు పడితే చీలమండ మెలిక పడుతుంది. అందుకని అడుగున గుబ్బలు నాలుగు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండి, వాటి మధ్య మట్టి రాలిపోయేంత ఎడం ఉన్న బూటు చూడండి. అంతకన్నా పొడుగు గుబ్బలు బురదకి బాగుంటాయి గానీ రాతి మీద, తారు మీద తొందరగా అరిగిపోతాయి. మన వైపు ఏ దారైనా సగం తారే మరి.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు వేలెడు జాగా ఉండాలి. లేకపోతే కొండ దిగేటప్పుడు వేళ్లు ముందుకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం జారకూడదు. రంగు, కంపెనీ పేరు అన్నిటికన్నా ఆఖర్న.

బట్టల దగ్గర ఒక చేదు మాట చెప్పాలి. ఇది పత్తి పండే నేల. మన నూర్‌బాషా తాతముత్తాతలు దూది ఏకి బతికిన నేల. అయినా పరుగుకి కాటన్ పనికిరాదు. చెమటని పీల్చుకుని ఆరకుండా ఉండిపోతుంది, తడి గుడ్డ రాసుకుని తొడలు, చంకలు ఒరుసుకుపోతాయి, తడి సాక్సులో పాదం బొబ్బలెక్కుతుంది. తొందరగా ఆరే పాలిస్టర్ టీషర్టు, సింథటిక్ సాక్సులు చాలు. కాటన్ కుర్తా జుమాకి ఉంచుకోండి.

ఇక ఖరీదైన గడియారం అసలు వద్దు. వేగం ఎంతుండాలో తెలుసుకోవడానికి ఉచితమైన కొలత మన నోట్లోనే ఉంది. పరిగెత్తుతూ దరూద్ తెగకుండా చదవగలిగితే ఆ వేగం సరి. మాట తెగుతుంటే తగ్గించండి. ముందు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా అరగంట. వారానికి మూడు రోజులు చాలు. ఎత్తు వచ్చినప్పుడు నడవడంలో షరమ్ ఏమీ లేదు, పేరున్న ట్రైల్ రన్నర్లు కూడా నిటారు కొండల్ని నడిచే ఎక్కుతారు.

రెండో జత బేటీది. ఇక్కడే మన ఇళ్లలో గొంతులు లేస్తాయని తెలుసు. "ఆడపిల్ల కొండల్లో పరుగేంటి?" అని ఫుప్పూ అంటారు. హజ్‌లో, ఉమ్రాలో మనం చేసే సయీ ఏమిటి? దాహంతో ఏడుస్తున్న పసిబిడ్డ కోసం బీబీ హాజిరా సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు అటూ ఇటూ తిరిగిన యాద్. ఆ ఇబాదత్‌కి జాగింగ్ బరాబర్ అని నేననడం లేదు, తౌబా. ఆడమనిషి కాలికి కొండ నేల పరాయిది కాదంటున్నాను, అంతే. హజ్రత్ ఆయిషా సఫర్‌లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌తో పరుగు పందెం పెట్టుకుని ఒకసారి గెలిచారని, తర్వాత ఇంకోసారి ఓడారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. అజ్మీర్‌లో పుట్టిన సుఫియా ఖాన్ 2019లో కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా 87 రోజుల్లో పరిగెత్తింది.

హయా సంగతంటారా, ఆ జవాబు బట్టలోనే ఉంది. మోకాళ్ల దాకా వదులు కమీజు, చీలమండ దగ్గర బిగువుగా ఉండే పైజామా. బారు సల్వార్ అయితే కంపకి తట్టుకుని పడేస్తుంది. తలకి పిన్నులు లేని, సాగే, తేలిక గుడ్డ హిజాబ్. 2019లో డెకథ్లాన్ కంపెనీ పరుగు కోసం చేసిన హిజాబ్‌ని ఫ్రాన్స్‌లో అమ్మబోతే అక్కడి రాజకీయ నాయకులు గోల చేసి ఆపించారు. మనందరికీ గుస్సా వచ్చింది, రావాల్సిందే. కానీ ఇక్కడ ఆ పిల్లని ఆపుతున్నది ఏ ఫ్రాన్స్ మంత్రీ కాదు, మన వరండాలో కూర్చున్న మనమే. తోడు లేదంటే భాయ్ వెళ్లొచ్చు, అబ్బా సైకిల్ మీద వెనకే వెళ్లొచ్చు. ముగ్గురు నలుగురు ఆడపిల్లలు జమాత్‌గా వెళ్తే ఇంకా మేలు.

మూడో జత అమ్మీది. దానికి గుబ్బలక్కర్లేదు, వేళ్ల దగ్గర వెడల్పుగా, లోపల కుట్లు ఒరుసుకోకుండా ఉన్న మామూలు వాకింగ్ షూ చాలు. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గొచ్చు, తుమ్మముల్లు దిగినా తెలియదు. చిన్న పుండే పెద్దదై ఆపరేషన్ దాకా పోతుంది. బూటు తొడిగేముందు దులిపి, లోపల చూసుకోవాలి, తేలు కూడా ఉండొచ్చు. ఇషా వుజూలో పాదాలు కడిగేటప్పుడు అరికాళ్లు ఒకసారి వెలుతుర్లో చూసుకోమనండి. ఆవిడ వంగలేకపోతే పిల్లలు చూడాలి. ఎంత దూరం నడవాలో డాక్టర్‌నే అడగండి.

దారి సంగతి. మేలో మనకి సూర్యోదయం అయిదున్నర ప్రాంతంలో. ఫజర్ చదివి, వెలుతురు రాగానే బయల్దేరి ఏడు లోపు ఇల్లు చేరాలి. రెంటచింతల ఎండల గురించి మనకి ఒకరు చెప్పాలా? అర లీటరు నీళ్లు చేతిలో ఉండాలి. ఉప్పు వేసిన మజ్జిగ తిరిగొచ్చాక తాగొచ్చు. పత్తికి మందు కొడుతున్న చేను పక్కనుంచి పోవద్దు. మిర్చి ఆరబోసిన కల్లాల దగ్గర గాలి ఎటు వీస్తుందో చూసుకోండి, ఆ ఘాటు గొంతులో పడితే దగ్గు తప్ప పరుగు ఉండదు. కుక్కలు వెంటపడితే పరిగెత్తకుండా ఆగి, వాటివైపే తిరిగి మెల్లగా వెనక్కి నడవాలి. చీమకుర్తి వైపు క్వారీ లారీల రోడ్లు, దుమ్ము మనకొద్దు. నల్లమల అడవిలోకైతే ఫారెస్టువాళ్ల ఇజాజత్ లేకుండా అడుగు పెట్టొద్దు, అది పులుల అభయారణ్యం.

రెండు మూడు నెలలు కట్టల మీద నిలదొక్కుకున్నాక, చలికాలంలో ఒక ఆదివారం అందరూ కలిసి కొండవీడు వెళ్లండి. రెడ్డిరాజుల రాజధాని, గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో దాన్నే ముర్తజానగర్ అన్నారు. కుర్రాడు, బేటీ పాత కాలిదారిన ఎక్కుతారు. అమ్మీ, అబ్బా ఘాట్ రోడ్డు మీద బండిలో వెళ్లి, పైన చెరువు గట్టు మీద నడుస్తూ వాళ్ల కోసం ఎదురుచూస్తారు. ఎక్కేవాళ్లకి ఫోనులో చార్జింగ్ ఉందో లేదో, ఏ దారిన వస్తున్నారో, ఎన్నింటికి చేరాలో ముందే అనుకోండి. నాస్తా డబ్బా మాత్రం బండిలోనే పెట్టండి.