చేను నుంచి వచ్చాక పావుగంట
కోయిలకుంట్ల నల్లరేగడిలో పప్పుశనగ కోతలప్పుడు పొద్దున్నుంచి నడుము వంచి పనిచేసే మనిషికి వేరే కసరత్తు ఎందుకని మనవాళ్లు అడుగుతారు. నేను ఒప్పుకోను. గంటలకొద్దీ ఒకే వంపులో ఉన్న నడుము సాగదు, బిగుసుకుపోతుంది. తుంటి, భుజాలు, తొడ వెనక కండరాలు పూర్తిగా చాపే అవకాశం ఆ పనిలో రాదు. అలాంటి ఒంటిని జూన్ 21న, యోగా దినోత్సవమని, ఒక్క ఉదయంలో, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలోకి వంచమనడం తప్పు. యాభై ఏళ్ల మనిషి చెయ్యి కాలి బొటనవేలికి అందకపోతే నష్టమేమీ లేదు, మోకాళ్లు కొంచెం మడిచి వంగినా చాలు. చేను నుంచి నడిచొచ్చాక ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఓ పావుగంట కండరాలు సాగదీయడానికి అదే మంచి సమయం. కుదుపులు వద్దు, కండరం లాగుతోందని తెలిసినచోట, నొప్పి పుట్టకముందే ఆగి, ఊపిరి బిగబట్టకుండా 10 నుంచి 30 సెకన్లు ఉండాలి. వారానికి రెండు మూడు రోజులు చేసినా ఫలితం ఉంటుంది, కాకపోతే తేడా తెలియడానికి వారాలు పడుతుంది. కాల్లోకి తిమ్మిరి పాకితే మాత్రం ఆపేసి డాక్టరుకు చూపించుకోవాలి. ఆడవాళ్లకు ఆ పావుగంట దొరకడమే అసలు కష్టం, చేనుపని అయ్యాక పొయ్యిపని కాచుకుని ఉంటుంది కనుక. ఆ కాసేపు పొయ్యి దగ్గర ఇంట్లోని మగవాళ్లు నిలబడాలి.