షుగరు జబ్బు, సెల్‌ఫోను, మన హక్కులు



షుగరు జబ్బు కూర్చొని తినేవారికి వస్తుంది, ఒళ్లు వంచి పనిచేసేవారికి రాదు అనే మాట మన బస్తీల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాటను ఇక వదిలిపెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 2021 నాటికి దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. రాత్రి పాళీలు చేసి, నిద్రకూ తిండికీ వేళ లేకుండా బతికేవారికి ఇది వచ్చే ప్రమాదం ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. షోలాపూర్‌లోనూ భివండిలోనూ సాంచల మీద పన్నెండేసి గంటలు నిలబడే మనవాళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

జబ్బుతో పాటు దాని బజారు కూడా పెరిగింది. సెల్‌ఫోనులో షుగరు యాప్, చేతికి అంటించుకునే సెన్సరు, వేలు గుచ్చకుండానే షుగరు చెబుతానని చెప్పుకునే చేతిగడియారం, ఇలా రకరకాలు అమ్ముతున్నారు. యాప్ వేయించుకోండి, ఆరోగ్యం మీ చేతిలోనే ఉంటుంది అని కార్మికులకు చెప్పే యాజమాన్యాలూ తయారయ్యాయి. ఈ విషయంలో యూనియన్ వైఖరి స్పష్టంగా ఉండటం అవసరం.

ఫోను పనికిరాదని మేం అనడం లేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 537 మంది మగ ఉద్యోగులను తీసుకుని ఒక పరిశోధన చేసింది. అందరికీ మొదట ఆహారం, వ్యాయామం గురించి సలహా ఇచ్చారు. సగం మందికి మాత్రం ఆ తర్వాత కూడా మామూలు సెల్‌ఫోనుకు చిన్న చిన్న మెసేజీలు పంపుతూ వచ్చారు. 2013లో వెలువడిన ఫలితం ఇది: రెండేళ్లలో మెసేజీలు అందినవారిలో 18 శాతం మందికి, అందనివారిలో 27 శాతం మందికి షుగరు జబ్బు వచ్చింది. ఖరీదైన ఫోను లేదు, యాప్ లేదు. అర్థమయ్యే మాట వదలకుండా చెప్పడం, అంతే.

రెండో అనుభవం కర్ణాటక, హర్యానాల్లోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాలది. కొన్ని కేంద్రాల్లో నర్సులకు పలక కంప్యూటర్లు ఇచ్చి, బీపీ, షుగరు రోగుల వైద్యాన్ని వాటి సాయంతో నడిపారు. మిగతా కేంద్రాల్లో కంప్యూటర్లు లేవు గాని, డాక్టర్లకూ నర్సులకూ శిక్షణ మాత్రం రెండు చోట్లా ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే బీపీ, షుగరు రెండు చోట్లా తగ్గాయి. కంప్యూటరు వల్ల అదనంగా ఒరిగింది ఏమీ కనబడలేదు. కనుక యాప్ ఇచ్చాం, మా బాధ్యత తీరింది అనే యాజమాన్యాన్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నేర్పే మనిషి ఎక్కడ?

నేర్పడం అంటే మన షెడ్డుకు పనికొచ్చేట్టు నేర్పడం. యాప్ ఉదయం ఎనిమిదింటికి మాత్ర వేసుకోమని గంట కొడుతుంది. రాత్రి పాళీ దిగిన మనిషి ఆ వేళకు నిద్రపోతుంటాడు. పరగడుపు షుగరు అంటే ఉదయం షుగరు అనుకుంటారు చాలామంది. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉన్న తర్వాత చూసేదే పరగడుపు షుగరు. రాత్రంతా మూడు చాయ్‌లు, రెండు బన్నులు తిని తెల్లవారి చూసుకుంటే ఆ లెక్కకు అర్థం ఉండదు. కాబట్టి పాళీ మారినప్పుడల్లా మాత్రల వేళ ఎలా మార్చాలో డాక్టరును అడగాలి. నేను రాత్రి పాళీ చేస్తాను అని మనం చెప్పకపోతే ఆయనకు తెలియదు.

షుగరు మీటరు విషయంలోనూ ఇంతే. నూలు తడి మీద నడవాలని షెడ్డులో గాలికి తేమ పడతారు. ఆ తేమకు, వేడికి స్ట్రిప్పులు పాడవుతాయి. డబ్బా మూత బిగించి ఇంట్లో ఉంచుకోవాలి. గంజి, దూది అంటిన వేలితో చూస్తే లెక్క తప్పు వస్తుంది. సబ్బుతో కడిగి ఆరబెట్టుకుని చూడాలి. స్ట్రిప్పులు కొని రోజూ చూసుకోవడం మనవల్ల అయ్యే పని కాదు. అందుకే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి అందరికీ తెలియాలి. అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు తిండి మానేసి దాన్ని మోసం చేయలేం. ఎక్కువమందికి అది 7 శాతం లోపు ఉండాలని వైద్యులు కోరుకుంటారు.

ఇక గడియారాల సంగతి. చర్మానికి గుచ్చకుండా తనంతట తానే షుగరు కొలిచే గడియారాన్నిగాని, ఉంగరాన్నిగాని తాము అనుమతించలేదని, వాటిని నమ్మి మందులు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ డబ్బుతో చెప్పులు కొనుక్కోండి. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది. షెడ్డులో ఉత్త కాళ్లతో తిరిగేవాడికి ఇనుప ముక్క గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఫోనుతో ఒక మంచి పని చేయవచ్చు: రాత్రి పడుకునే ముందు అరికాలి ఫోటో తీసి చూసుకోండి. పిల్లల చేత తీయించినా సరే.

అన్నిటికంటే దగ్గరి ప్రమాదం షుగరు పడిపోవడం. మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైనవారికి, ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది వస్తుంది. చెమట, వణుకు, గుండె దడ, మాట తడబడటం దాని గుర్తులు. తాగొచ్చాడని జాబరు గేటు బయటికి పంపితే ఆ మనిషి దారిలోనే పడిపోవచ్చు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే, మీటరు లేకపోయినా గుర్తులు కనిపిస్తే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, ఆ పైన తిండి పెట్టాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఫోను గేటు దగ్గరే పెట్టించే మిల్లులో ఏ యాప్ ఈ పని చేయదు. పక్క సాంచ మీది మనిషే చేయాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదివారు. ఈ పత్రికను ఎవరో చదివితే వినే సభ్యులు ఎందరో మాకు తెలుసు. తెలుగు అక్షరాల్లో యాప్ పెట్టినా వారికి అందదు. మన యాసలో, రెండు నిమిషాల్లో వినిపించే మాట కావాలి. దాన్ని ఇంట్లో వంట చేసే ఆడవారూ వినాలి. జొన్న రొట్టె అయితే ఎన్ని తిన్నా షుగరు పెరగదు అనే భ్రమ అప్పుడే పోతుంది. కండెలు చుట్టే చెల్లెళ్లలో షుగరు ఉన్నవారు తమ పరీక్షను అందరికంటే చివరికి నెడుతున్నారు, అదీ మారాలి.

హక్కుల విషయానికి వస్తే, పది మంది లేక అంతకు మించి ఉన్న చోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. అందుకే ఒకే షెడ్డును భార్య పేర, తమ్ముడి పేర ముక్కలు చేసి చూపే సేఠ్‌లు ఉన్నారు. దీన్ని రుజువులతో పట్టుకోవడం యూనియన్ పని. చాలామందికి తెలియని సంగతి: షుగరు వల్ల పాదం, మూత్రపిండం లేక కంటి పొర తీవ్రంగా దెబ్బతింటే ఇ.ఎస్.ఐ. నిబంధనల్లో దీర్ఘకాల అనారోగ్య భృతి ఉంది. సర్వీసు, చందా షరతులు ఉన్నవారికి కూలిలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది. ఇది అడగకుండానే పని మానేసి ఊరికి పోయినవారు ఉన్నారు.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న, తెలుగువారు ఎందరో ఉన్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో, ఇంటికే వెళ్లి షుగరు, బీపీ మందులు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మన మహారాష్ట్రలో మందుల లైనులో ఒక రోజు కూలి పోగొట్టుకునే కార్మికుడు ఇలాంటిది అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇంకొక మాట. మిల్లులో పెట్టే ఆరోగ్య శిబిరానికి మనవాళ్లు ఎందుకు రారు? రిజిస్టరు ఆఫీసుకు పోతుందని, షుగరు ఉందని తెలిస్తే కాంట్రాక్టు తిరిగి రాయరని భయం. ఆ భయం ఉట్టిది కాదు. యాప్‌లో ఎక్కించిన లెక్క కూడా ఎవరి కంట పడుతుందో తెలియకుండా సంతకం పెట్టవద్దు. ప్రభుత్వం 2021లో దేశమంతటా తెచ్చిన ఆరోగ్య ఖాతా నంబరు సైతం ఇష్టమైతేనే తీసుకునేది, రికార్డు చూపాలంటే మన అనుమతి కావాలి.

కాబట్టి రానున్న వేతన ఒప్పందంలో ఈ కోర్కెలు చేర్చాలని యూనియన్ నిర్ణయించింది. పరీక్ష ఫలితం కార్మికుడి చేతికే ఇవ్వాలి, ఆఫీసుకు కాదు. ప్రతి పాళీలో తిండికి నికరమైన విరామం ఉండాలి, ఉత్పత్తి పేరుతో కోయకూడదు. ప్రథమ చికిత్స పెట్టెలో మీటరు, స్ట్రిప్పులు, గ్లూకోజు ఉంచి ప్రతి పాళీలో ఇద్దరికి వాడటం నేర్పించాలి. చెప్పులు యాజమాన్యమే ఇవ్వాలి. కాంటీన్‌లో చక్కెర లేని చాయ్ విడిగా కాచాలి. కోర్కెల పత్రం గేటు సభ్యుల దగ్గర ఉంది. చదవడం రానివారికి మొత్తం చదివి వినిపించిన తర్వాతే సంతకం గాని, వేలిముద్ర గాని తీసుకోండి.