రిమాండ్ అంటే శిక్ష కాదు



మన వేములపల్లిలో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే ఊరంతా తిరిగేవి ఇంగ్లిషు మాటలే. ఎఫ్ఐఆర్ అయిందట, రిమాండ్ చేసిండ్రట, బెయిల్ రాలేదట. ఇంకొందరు నవ్వుకుంటూ 'అత్తారింటికి పోయిండు, ఊచలు లెక్కపెడుతుండు' అంటారు. మాటలు నోటికి అలవాటయ్యాయి గాని అర్థాలు కాలేదు. అర్థం తెలియని మాటతో మనం కోర్టుకన్నా ముందే తీర్పు తీరుస్తున్నామని మేము బాధపడుతున్నాము.

ఎఫ్ఐఆర్ అంటే నేరం గురించి పోలీసులు రాసుకున్న మొదటి సమాచారం. అది తీర్పు కాదు. రిమాండ్ అంటే కేసు తేలకముందే మేజిస్ట్రేటు ఆదేశం మీద నిర్బంధంలో ఉంచడం. అది శిక్ష కాదు. బెయిల్ వస్తే కేసు పోయినట్టూ కాదు. పిలిచినప్పుడు కోర్టుకు వస్తాననే పూచీ మీద బయట ఉండనిస్తారు, అంతే. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా తీర్పు రాని అండర్ ట్రయల్ ఖైదీలే.

యోసేపును తలంచండి. పోతీఫరు భార్య వేసిన నింద మీద చెరసాల పాలయ్యాడు. పానదాయకుల అధిపతి మరచిపోతే మరో రెండేండ్లు అక్కడే ఉన్నాడు. అతడు మన ఊరివాడైతే మనం ఏమనేవాళ్లం?

నేరాన్ని వెనకేసుకు రమ్మని మేము చెప్పడం లేదు. నష్టపోయిన ఇంటికి న్యాయం జరగాలి. ఆ న్యాయం కోర్టు చేయాలి, టీ హోటల్ కాదు. మన మాటలకు ఆ భార్య మందిరానికి రావడం మానేస్తుంది, పిల్లలు బడిలో తల దించుకుంటారు.

బెయిల్ మంజూరైనా షూరిటీ దొరక్క లోపలే ఉండిపోయే పేదలున్నారు. షూరిటీని మన బైబిలు పూటకాపు అంటుంది. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం యేసుకు ఇచ్చిన పేరు అదే. ఆలోచించక పూటపడవద్దని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది గనుక అందరినీ సంతకం పెట్టమని మేము అనము. కాని ఆ ఇంటి గడప తొక్కడానికి సంతకం అక్కరలేదు.

నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పొందే హక్కు ఉంది. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100. ఈ నంబరు వారికి చెప్పండి. చెరసాలలో ఉన్నవారిని చూడబోవడం తనను చూడవచ్చినట్టేనని మత్తయి 25లో ప్రభువు చెప్పాడు. వారు ఏ కేసులో ఉన్నారని ఆయన అడగలేదు.

దేవుడు మన నాలుకలను కాపాడును గాక. ఆమేన్.