మిషనుకు డబ్బుంది, మనిషికి లేదు!
డెల్టా ఐటీఐల పేర వచ్చే నిధుల లెక్క ఎవరు చెప్తారు?

నిధులొచ్చాయంటారు. పేపర్లో ఫొటో వస్తుంది. మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తారు. ఏడాది తర్వాత అదే వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. కొత్త మిషను మీద ముసుగు తీసి ఉండదు. దాన్ని నడిపి చూపించే ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీ. వెల్డింగు రాడ్లు కొనడానికి పద్దు లేదు. ఎన్నో సర్కారు ఐటీఐల కథ ఇదే. డబ్బు రాలేదని కాదు, వచ్చిన డబ్బును దేనికి ఖర్చు పెట్టాలో రాసిన నిబంధనలోనే మోసముంది.

2007 సంగతి గుర్తు చేసుకుందాం. దేశంలో 1,396 సర్కారు ఐటీఐలను ప్రైవేటు భాగస్వామ్యంతో బాగుచేస్తామని కేంద్రం ప్రకటించింది. ఒక్కో ఐటీఐకి రెండున్నర కోట్లు. అందరూ గ్రాంటు అనుకున్నారు. కానీ అది వడ్డీలేని అప్పు! పదేళ్లు గడువు, ఆ తర్వాత 20 ఏళ్ల వాయిదాలు. లెక్క వేస్తే ఏడాదికి పన్నెండున్నర లక్షలు. పెత్తనం పరిశ్రమ మనిషి అధ్యక్షుడుగా ఉండే మేనేజ్‌మెంట్ కమిటీది. 20 శాతం దాకా సీట్లు కూడా ఆ కమిటీ చేతికే. బాకీ తీర్చాల్సిన సంస్థ ఏం చేస్తుంది? డబ్బును బ్యాంకులో దాచి వడ్డీ చూసుకుంటుంది, లేదంటే విద్యార్థి జేబు తడుముతుంది. అందుకే చాలాచోట్ల ఆ సొమ్ము మిషన్లు కాకుండా డిపాజిట్లయి కూర్చుంది. పేదవాడి బిడ్డ చదివే బడిని అప్పులవాణ్ణి చేసి దాన్ని సంస్కరణ అన్నారు.

ఇక రాష్ట్రం సంగతి. 2014లో నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టారు. సీమెన్స్ ప్రాజెక్టులో ప్రభుత్వ వాటా 371 కోట్లు. అందులో అక్రమాలు జరిగాయన్న కేసులో 2023 సెప్టెంబరులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడును అరెస్టు చేసి మన రాజమండ్రి సెంట్రల్ జైలుకే తెచ్చారు. ఆరోపణలన్నీ అబద్ధమని ఆయన, ఆయన పార్టీ అన్నారు. తప్పొప్పులు తేల్చేది కోర్టులు, మనం కాదు. మన ప్రశ్న వేరే. జైలు ముందు రెండు పార్టీలూ అరుచుకున్న ఆ రోజుల్లో, ఏ ల్యాబులో ఎంతమంది ఏ పని నేర్చుకున్నారని అడిగిన నాయకుడు ఎంతమంది?

అమెరికాలో వృత్తి విద్యకు పెర్కిన్స్ చట్టం ఉంది. 2018లో దాన్ని మళ్లీ సవరించారు. రాష్ట్రానికి వచ్చిన నిధుల్లో కనీసం 85 శాతం కింద ఉన్న బళ్లకు, కాలేజీలకు చేరాలి. ఆఫీసు ఖర్చు 5 శాతం దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటుంది: ఫెడరల్ డబ్బు వచ్చింది కదా అని రాష్ట్రం తన బడ్జెట్ కోసుకోకూడదు. గ్రాంటు అదనంగా ఉండాలి, బదులుగా కాదు. మన దగ్గర జరిగేది తలకిందులు. కేంద్రం పథకం రాగానే రాష్ట్రం చేతులు దులుపుకుంటుంది. రెగ్యులర్ పోస్టు పోయి కాంట్రాక్టు వస్తుంది, కాంట్రాక్టు పోయి ఔట్‌సోర్సింగ్ వస్తుంది.

అధికారులు ఒక మాటంటారు: గ్రాంటు ఒక్కసారి వచ్చేది, జీతం ప్రతి నెలా ఇవ్వాల్సింది, కాబట్టి బిల్డింగుకూ మిషనుకూ పెట్టడమే న్యాయం అని. సరే, ఒప్పుకుందాం. అప్పుడు జీతం, ముడిసరుకు, కరెంటు, మరమ్మతు ఖర్చు భరిస్తానని రాష్ట్రం ముందే జీవో ఇవ్వాలి కదా! ఆ హామీ లేకుండా మిషను కొంటే లాభం అమ్మినవాడికే.

డెల్టాలో ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. 2017 మార్చిలో మొగల్తూరు ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువుకు ఐదుగురు కార్మికులు బలయ్యారు. పని నేర్పడమంటే సర్టిఫికెట్ ఇవ్వడం కాదు, సాయంత్రం ఇంటికి ప్రాణంతో చేరే తెలివి ఇవ్వడం.

నిధులకు దారి లేదా? ఉంది. బొగ్గు గనుల జిల్లాలకు జిల్లా ఖనిజ నిధి ఉంది, అందులోంచి నైపుణ్య శిక్షణకు ఖర్చు పెట్టొచ్చు. చమురు, గ్యాస్ ఆ చట్టం కిందికి రావు కాబట్టి కోనసీమ బావుల మీద ఆ నిధి లేదు. గ్యాస్ పోతుంది, మంట మిగులుతుంది. ఇక కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. వృత్తి నైపుణ్యం ఆ జాబితాలోనే ఉంది. 30 మందికి పైగా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న నిబంధనా ఉంది. అమలు చేయించే నాథుడేడి?

ఇప్పుడు పీఎం-సేతు వచ్చింది. 2025 అక్టోబరులో ప్రారంభించారు. 60 వేల కోట్లు, వెయ్యి సర్కారు ఐటీఐలు. కేంద్రానిది 30 వేల కోట్లు, రాష్ట్రాలది 20 వేల కోట్లు, పరిశ్రమలది 10 వేల కోట్లు. డబ్బులో ఆరో వంతు పరిశ్రమది, పగ్గాలు మాత్రం పరిశ్రమ నడిపే సంస్థకే! 2007 పాఠం నేర్చుకోకపోతే అదే కథ ఇంకా పెద్ద అంకెతో నడుస్తుంది.

అందుకే డిమాండ్ చేస్తున్నాం:

ఒకటి, ప్రతి ఐటీఐ, పాలిటెక్నిక్ తనకొచ్చిన నిధి, పెట్టిన ఖర్చు, మిగులు నోటీసు బోర్డు మీద పెట్టాలి.

రెండు, ఖాళీ ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు భర్తీ చేశాకే మిషన్ల టెండర్లు పిలవాలి.

మూడు, పీఎం-సేతు కమిటీల్లో విద్యార్థులకు, బోధనా సిబ్బందికి చోటుండాలి.

నాలుగు, చమురు కంపెనీల సామాజిక బాధ్యత నిధిలో డెల్టా ఐటీఐల వాటా ఎంతో శ్వేతపత్రం ప్రకటించాలి.

విద్యార్థి మిత్రులారా! సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. మీ కాలేజీకి ఎంతొచ్చింది, దేనికి పెట్టారు అని రేపే అడగండి. ఉద్యోగ సోదరులారా, ఫైళ్లు మీ టేబుళ్ల మీదే ఉన్నాయి, నిజం చెప్పండి. మన పేరు చెప్పి తెచ్చిన డబ్బుకు లెక్క అడగడం బిచ్చం కాదు, హక్కు!