మార్కస్ డేలీ ఎక్కిన కొండ

1882లో అమెరికాలో రెండు సంగతులు జరిగాయి. మోంటానాలోని బ్యూట్ కొండలో, వెండి కోసం తవ్వుతున్న అనకొండ గనిలో, సుమారు 300 అడుగుల లోతున దండిగా రాగి బయటపడింది. అదే ఏడాది మే నెలలో చైనా కూలీలను దేశంలోకి రానివ్వకుండా చట్టం వచ్చింది. ఈ రెంటినీ వేర్వేరు కథలుగా చెబుతుంటారు. నాకు మాత్రం అది ఒకటే కథ. ఆ రాగిని పైకి తీసిన మార్కస్ డేలీ కూడా పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలసజీవే.

డేలీ 1841లో ఐర్లాండ్‌లోని కావన్ ప్రాంతంలో పుట్టాడు. బంగాళాదుంప పంట కుళ్లిపోయి లక్షల మంది ప్రాణాలు పోయిన కరువులో పసివాడు. 15వ ఏట న్యూయార్క్‌లో దిగాడు. చదువు అంతంతమాత్రం. కాలిఫోర్నియా మీదుగా నెవాడాలోని కామ్‌స్టాక్ వెండి గనులకు చేరాడు. రాయిని చూసి దాని వెనక ఏముందో పసిగట్టే విద్య అక్కడే అబ్బింది. ఏళ్ల తరబడి చీకట్లో చెమటోడ్చితే తప్ప రాని విద్య అది. అక్కడ చక్రం తిప్పుతున్న జాన్ మాకే కూడా ఐర్లాండ్‌వాడే. 1876లో సాల్ట్ లేక్ సిటీ వ్యాపారులైన వాకర్ సోదరులు ఒక గనిని చూసి రమ్మంటే బ్యూట్ వచ్చిన డేలీ, అక్కడే స్థిరపడ్డాడు. మైఖేల్ హికీ అనే మాజీ సైనికుడి దగ్గర అనకొండను 30 వేల డాలర్లకు బేరమాడాడు. డబ్బు పెట్టింది జార్జ్ హర్స్ట్, ఆయన భాగస్వాములు.

అది కరెంటు దీపాలు మొదలైన కాలం. తీగలకు రాగి కావాలి. తొలి రోజుల్లో ముడి ఖనిజాన్ని సముద్రం దాటించి వేల్స్‌లోని స్వాన్సీ కొలుముల్లో కరిగించేవాళ్లు. తర్వాత డేలీ తనే కొలిమి కట్టించి, దాని పక్కన అనకొండ అనే ఊరినే నిలబెట్టాడు. 1899లో స్టాండర్డ్ ఆయిల్ వర్గం అనకొండ కంపెనీని 3.9 కోట్ల డాలర్లకు తీసుకుంది.

డేలీ ప్రతిభను నేను తక్కువ చేయను. కానీ 1872 నాటి గనుల చట్టాన్ని ఒకసారి చదవాలి. ప్రభుత్వ భూమిలో ఖనిజం కనబడితే హద్దురాళ్లు పాతి నాదనే హక్కు పౌరులకు, పౌరులం అవుతామని ప్రకటించినవాళ్లకు మాత్రమే ఇచ్చిందది. పౌరసత్వమేమో 1790 చట్టం ప్రకారం తెల్లవాళ్లకే. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు, ఆసియావాళ్లను చేర్చలేదు. ఐరిష్ క్యాథలిక్కులను ఆ రోజుల్లో ఎంత ఈసడించుకున్నా, కాగితం మీద వాళ్లు తెల్లవాళ్లే. చైనా నుంచి వచ్చినవాడు డేలీ కన్నా బాగా రాయి చదవగలిగినా, ఆ రాయి మీద హక్కు రాసిచ్చేవాళ్లు లేరు. పైపెచ్చు కాలిఫోర్నియాలో విదేశీ గని కార్మికుల పన్ను పేరుతో నెలనెలా వాళ్ల దగ్గర వసూలు చేశారు.

డేలీ తనవాళ్లకు పని ఇచ్చాడు. ఐర్లాండ్‌లో అయినవాళ్లకు ఉత్తరాలు వెళ్లాయి, కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. బ్యూట్‌లోని గని కార్మిక సంఘం బలమైనది, రోజుకు మూడున్నర డాలర్ల కూలిని నిలబెట్టుకుంది. నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి సంగతి. 1896–97లో బ్యూట్ కార్మిక సంఘాలే చైనావాళ్ల హోటళ్లకు, చాకిరేవు దుకాణాలకు ఎవరూ వెళ్లకూడదని కట్టడి పెట్టాయి. కడుపు మాడి ఓడ ఎక్కినవాళ్లు, వాళ్ల బిడ్డలు కలిసి మరో వలసకూలీ నోటి దగ్గర కూడు లాగడానికి పూనుకున్నారు. బ్యూట్‌లోని చైనావాళ్లలో ఒకడైన హమ్ ఫే, ఆయన తోటివాళ్లు బెదరలేదు. కోర్టుకెక్కారు, 1900లో గెలిచారు. అదే ఏడాది నవంబరులో డేలీ కన్నుమూశాడు. 1907లో ఆయనకు కంచు విగ్రహం పెట్టారు. హమ్ ఫే పేరు ఎంతమందికి తెలుసు?

ఇది మనకు పట్టని పాత ముచ్చట కాదు. చైనావాళ్లను ఆపిన ఆ ‘తెల్ల’ అనే మాటే మన దేశస్థులనూ ఆపింది. పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. భారతీయులకు పౌరసత్వం దక్కింది 1946లో. వలసలకు జాతి మూలాన్ని బట్టి పెట్టిన కోటాలు పోయింది 1965 చట్టంతో. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లడం ఆ తర్వాతే. మనవాడు అక్కడ ఏ కంపెనీకో అధిపతి అయ్యాడని రాసేటప్పుడు చదివిన బడి, కన్నవాళ్ల కష్టం తప్పక రాద్దాం. వాటి పక్కనే ఆ 1965ను కూడా రాయాలని నా విన్నపం.